చిటికెడు ముద్దలో కూరగాయల సంత

బొమ్మల కొలువులో పై మెట్ల మీద దేవతామూర్తులు కొలువుదీరితే, కింది మెట్టు మీద లోకవ్యవహారం నడుస్తుంది. పెళ్లివారి ఊరేగింపు, నీళ్లు తోడే ఆడవారు, తక్కెడ ముందు కూర్చున్న శెట్టి, గంపల నడుమ చతికిలబడిన కూరగాయల అవ్వ అక్కడే ఉంటారు. పేరంటానికి వచ్చిన పిల్లలు ఎక్కువసేపు నిలిచి చూసేది కూడా ఆ మెట్టునే. అవ్వ గంపలో ఇన్నాళ్లూ రంగు పూసిన మట్టి ఉండలో, పెసలో, ఎర్ర కందిపప్పో పోసి సరిపుచ్చుకునేవారు. ఇప్పుడు ఆ గంపలలోకి ముచ్చికతో సహా చారల వంకాయలు, అయిదు పలకల బెండకాయలు, బొడిపెలు తేలిన కాకరకాయలు వచ్చి చేరుతున్నాయి. ఒక్కొక్కటి గోటి మీద నిలిచేటంత చిన్నది. వీటిని చేసే పదార్థాన్ని పాలిమర్ క్లే అంటారు.

చేతిపని మీద ఆసక్తి గల గృహిణులు, విద్యార్థినులు దీనిని ఇంటివద్దనే అభ్యసిస్తున్నారు. అయితే మొదటి వాయి చెడగొట్టుకోని వారు అరుదు. కొందరి వంకాయలు మాడిపోతాయి. మరికొందరి మునగకాడలు ముట్టుకోగానే పుటుక్కున విరుగుతాయి. ఇందుకు సగం కారణం ఆ పేరులోనే ఉంది. 'క్లే' అనగానే మన్ను అనుకుని, మట్టిబొమ్మకు చేసే ఉపచారాలన్నీ దీనికీ చేస్తారు. తడిగుడ్డ కప్పుతారు, నీళ్లు చిలకరిస్తారు, ఎండలో ఆరబెడతారు. ఈ మూడింటిలో ఒక్కటీ దీనికి పనికిరాదు. ఎందుకంటే ఇందులో బంకమన్ను గుణమేదీ లేదు. ఇది ప్లాస్టిక్.

మన్ను కాని మన్ను

ఇంటింటా గోడల వెంట పారే నీటి గొట్టాలు ఏ పదార్థంతో తయారవుతాయో పాలిమర్ క్లేకూ అదే ఆధారం. పాలివినైల్ క్లోరైడ్, అనగా పి.వి.సి. దాని అతి సన్నని పొడిని నూనె వంటి ఒక ద్రవంలో కలిపి, రంగులు, నింపుడు పదార్థాలు చేర్చి ముద్దగా చేస్తారు. ప్లాస్టిక్‌ను మెత్తబరిచే ఆ ద్రవాన్ని ప్లాస్టిసైజర్ అంటారు. మామూలు వేడిలో పొడి రేణువులు ఆ ద్రవంలో విడివిడిగా ఉంటాయి కనుక ముద్ద మనం వంచినట్లు వంగుతుంది. ఓవెన్‌లో తగిన వేడి తగలగానే రేణువులు ద్రవాన్ని పీల్చుకుని, ఉబ్బి, ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. సగ్గుబియ్యం వేడినీటిని పీల్చి ఉబ్బి, గింజకు గింజ అంటుకుని గడ్డకట్టడం చూసిన వారికి ఇది వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ ఒక్క సంగతి మనసున పెట్టుకుంటే తక్కిన నియమాలన్నీ వాటంతట అవే బోధపడతాయి. కుమ్మరి మట్టిలో నీరు ఉంటుంది. అది ఆవిరైపోతేనే బొమ్మ గట్టిపడుతుంది, ఆ క్రమంలో కుంచించుకుపోతుంది, తొందరపడి ఆరబెడితే పగులుతుంది. పాలిమర్ క్లేలో ఆవిరయ్యే నీరే లేదు. కనుక అది గాలికి ఆరదు, ఓవెన్‌లో చెప్పుకోదగినంత కుంచించుకోదు. ఈ రోజు మొదలుపెట్టిన కాకరకాయను తీరిక దొరికిన మరో వారం పూర్తిచేసుకోవచ్చు. చిన్న బొమ్మలు చేసేవారు దీనిని మెచ్చడానికి ముఖ్యకారణం ఇదే. అర అంగుళమైనా లేని వస్తువులో మట్టి కుంచించుకుంటే గీసిన గీత, పొడిచిన చుక్క అన్నీ మాయమవుతాయి.

దీని పుట్టుక వెనుక చిన్న కథ ఉంది. జర్మనీలో బొమ్మల తయారీకి పేరుపొందిన కేథె క్రూజె అనే ఆమె కర్మాగారానికి 1930ల చివర ఇటువంటి పదార్థం ఒకటి వచ్చింది. అక్కడి పనికి అది కుదరలేదు. ఆమె కుమార్తె సోఫీ దానిని తీసుకుని తన పద్ధతిలో మెరుగుపరిచింది. సోఫీని ఇంట్లో ఫిఫీ అని పిలిచేవారు. 1964లో ఆ తయారీ విధానం ఎబెర్‌హార్డ్ ఫాబెర్ అనే పెన్సిళ్ల సంస్థ చేతికి చేరి 'ఫిమో' పేరుతో బజారుకు వచ్చింది. పేరులోని మొదటి అక్షరం ఆమె ముద్దుపేరు నుంచి వచ్చినదే. నేడు ఆ పేరు స్టెడ్లర్ సంస్థది. అమెరికాలో దొరికే స్కల్పీ సంగతి ఇంకా విచిత్రం. విద్యుత్ ట్రాన్స్‌ఫార్మర్ల లోపలి వేడిని బయటికి లాగడానికి ఉద్దేశించి దానిని రూపొందించారు. ఆ పనికి అది అక్కరకు రాలేదు. బొమ్మలకు మాత్రం చక్కగా ఒదిగింది.

పొట్లం చూసి కొనాలి

మన దుకాణాలలో 'క్లే' అని అడిగితే నాలుగు రకాల సరుకు చేతిలో పెట్టవచ్చు. రెండు ముద్దలను సమపాళ్లలో కలిపితే కొన్ని గంటలలో తనంతట తాను రాయిలా బిగిసేది ఎపాక్సీ రకం. గోడ పలకలకు, కుండల మీద అలంకరణకు మనవారు ఏళ్లుగా వాడుతున్నది అదే. గాలికి ఆరేది మరో రకం. బడిపిల్లలు ఆడుకునే, ఎన్నటికీ గట్టిపడని రంగుల మైనపు ముద్ద ఇంకొకటి. మొక్కజొన్న పిండిని తెల్ల జిగురుతో ఉడికించి ఇంట్లోనే చేసుకునే ముద్ద కూడా ఉంది. వేటి పద్ధతి వాటిది. మైనపు ముద్దను ఓవెన్‌లో పెడితే కరిగి కారుతుంది. పాలిమర్ క్లే పొట్లం మీద ఓవెన్ వేడి ఎంత, ఎన్ని నిమిషాలు అన్నది తప్పక ముద్రించి ఉంటుంది. ఆ అంకెలు లేని పొట్లాన్ని కొనకపోవడమే మేలు.

నిల్వలోనూ మెలకువ అవసరం. ముద్దను కాగితంలో చుట్టరాదు. కాగితం అందులోని ద్రవాన్ని పీల్చివేస్తుంది, ముద్ద పొడిపొడిగా రాలుతుంది. పెళుసు ప్లాస్టిక్ డబ్బాలలో ఉంచితే ఆ ద్రవమే డబ్బాను కరిగించి అంటుకుంటుంది. వార్నీషు వేసిన బల్ల మీద పచ్చి ముద్ద రాత్రంతా ఉంటే మచ్చ పడుతుంది. పాలిథిన్ సంచిలో చుట్టి, అడుగున 5 అంకె ముద్రించిన పాలిప్రొపిలీన్ డబ్బాలో దాచుకోవడం శ్రేయస్కరం. మన వేసవిని తక్కువగా అంచనా వేయరాదు. రెంటచింతల ఎండలను ఎరిగిన జిల్లాలలో కిటికీ పక్కన, నిలిపి ఉంచిన కారులో పెట్టిన పొట్లం ఓవెన్ ముఖం చూడకుండానే సగం బిగుసుకుపోతుంది. వేసవి నెలలలో గూటి అడుగు అర, చల్లని మూల దీనికి తగిన చోటు.

అవ్వను కొలిచి వంకాయ చేయాలి

చిన్న బొమ్మ చూడముచ్చటగా ఉండటానికి నైపుణ్యం కంటే ముందు లెక్క కావాలి. పాశ్చాత్య దేశాలలో బొమ్మరిళ్లకు ఒకటికి పన్నెండు అనే కొలత స్థిరపడింది. నిజ వస్తువులో ఒక అడుగు ఉన్నది బొమ్మలో ఒక అంగుళం అవుతుంది. ఇంగ్లండులోని విండ్సర్ కోటలో ఉన్న మేరీ రాణి బొమ్మరిల్లు ఈ కొలతకు నిలువెత్తు నిదర్శనం. 1924లో పూర్తయిన ఆ బొమ్మరింటికి రూపకర్త కొత్త ఢిల్లీని తీర్చిదిద్దిన ఎడ్విన్ లట్యెన్సే.

మన కొలువు బొమ్మలకు అటువంటి స్థిరమైన కొలత లేదు. శెట్టి ఒక ఎత్తు, అవ్వ మరొక ఎత్తు. కనుక ఎవరి గంపలో కూరలు పెట్టదలచామో ఆ బొమ్మను ముందు కొలవాలి. కూర్చున్న మనిషి ఎత్తు సుమారు 84 సెంటీమీటర్లు అనుకుంటే, 7 సెంటీమీటర్ల అవ్వ పన్నెండో వంతు. అప్పుడు 48 సెంటీమీటర్ల మునగకాడ 4 సెంటీమీటర్లకు దిగుతుంది. 36 సెంటీమీటర్ల ఆనపకాయ 3 సెంటీమీటర్లు, 12 సెంటీమీటర్ల బెండకాయ ఒక్క సెంటీమీటరు అవుతాయి. గుత్తివంకాయకు తగిన 6 సెంటీమీటర్ల లేత కాయ, అంతే పొడవున్న పచ్చిమిరపకాయ అర సెంటీమీటరు దాటరాదు. కొత్తగా చేసేవారి చేతిలో ఇవన్నీ ఇంచుమించు రెట్టింపు సైజులో తయారవుతాయి. విడిగా చూస్తే ముచ్చటగానే ఉంటాయి. గంపలో పెట్టగానే అవ్వ తలకాయంత వంకాయ కనిపిస్తుంది. తెల్లకాగితం మీద అసలు పొడవులన్నీ గీతలుగా గీసి, ఆ కాగితాన్ని గాజు పలక కింద ఉంచి పనిచేస్తే ఈ పొరపాటు తప్పుతుంది.

రంగు విషయంలోనూ ఇటువంటి జాగ్రత్తే అవసరం. పొట్లంలోని ఆకుపచ్చ ఏ కూరగాయకూ సరిపోదు, మరీ మెరిసిపోతుంది. దానిలో ఆవగింజంత ముదురు పసుపు, అంతకంటే తక్కువ ఎరుపు కలిపితే తోట రంగు వస్తుంది. వంకాయకు నలుపు కలపడం తగదు. ఊదాకు కొద్దిగా ఎరుపు, కాస్త నీలం చేరిస్తే చాలు, కాలిన తరువాత రంగు ఒక పట్టు ముదురుతుంది. అందుకే కలిపిన ప్రతి రంగులోనూ ఒక చిన్న బిళ్ల ముందుగా కాల్చి చూసుకోవాలి. ఉల్లి, దోస, టమాటా వంటి నీరు నిండిన కాయలకు 'ట్రాన్స్‌లూసెంట్' అనే పారభాసక ముద్దను సగానికి పైగా కలపాలి. వెలుతురు కొంత లోపలికి చొచ్చుకుపోయి వెనుదిరుగుతుంది కనుక కాయ సజీవంగా కనబడుతుంది. రంగు ముద్ద ఒక్కటే వాడిన టమాటా గోళీకాయలా తోస్తుంది.

కాయకు కాయ తీరు

పనిముట్లకు పెద్ద ఖర్చు లేదు. నున్నటి టైలు ముక్క, కుట్టుసూది, పళ్లపుల్లలు, పాత పళ్ల బ్రష్షు, కొత్త బ్లేడు, మెత్తని కుంచె చాలు. సూది మొదలును ఒక ముద్ద ముక్కలో గుచ్చి కాలిస్తే దానికి పిడి సిద్ధం. ముద్దను ముందుగా అరచేతుల మధ్య బాగా మర్దించాలి. సాగదీసినప్పుడు తెగకుండా సాగాలి. చేతులు తుడుచుకుంటూ తెలుపు నుంచి మొదలుపెట్టి ముదురు రంగులకు వెళ్లాలి. ఎరుపు తరువాత తెలుపు ముట్టుకుంటే ఆ తెలుపు ఇక తెలుపుగా మిగలదు.

అన్నింటికంటే సులభం మిరపకాయ. బియ్యపు గింజంత ముద్దను ఒక కొస సన్నగా దొర్లించి, కొద్దిగా వంకర తిప్పి, మొదట ఆకుపచ్చ తొడిమ అతికిస్తే సరి. నిటారుగా ఉన్న మిరపకాయను ఎవరూ నమ్మరు. గుంటూరు యార్డు తలపించేలా ఎండుమిర్చి రాశి కావాలంటే ముదురు ఎరుపు కాయలను సూదితో నిలువునా నొక్కి ముడతలు పెట్టాలి, తొడిమకు గడ్డి రంగు వేయాలి.

వంకాయలో ప్రాణమంతా ముచ్చికలో ఉంది. ఒంటిని ఎంత నున్నగా చేసినా ముచ్చిక పైన అంటించిన టోపీలా ఉంటే కాయ తేలిపోతుంది. ఆకుపచ్చ ముద్దను కాగితమంత పలుచగా ఒత్తి, అయిదు కొనల నక్షత్రంగా కోసి, కాయ భుజాల మీద పరచి, కొనలను సూదితో కాయకు హత్తించాలి. నడుమ తొడిమ నిలిపి, మొదలు దగ్గర సూదిమొనతో రెండు మూడు చోట్ల ముళ్ల ఆనవాలుగా పొడవాలి. చారల వంకాయ చేయదలచినవారు ఊదా ముద్ద మీద వెంట్రుకంత తెల్ల పోచలు నిలువుగా పరచి, అరచేతితో ఒకసారి దొర్లించాలి. పోచలు ఒంటిలో కలిసిపోతాయి. కాయలన్నీ ఒకే సైజులో, ఒకే నిగారింపుతో ఉండటం కూడా కృత్రిమమే. సంతలో ఏ రాశిలోనైనా ఒక గిడస కాయ, ఒక పుచ్చు మచ్చ కనిపిస్తాయి.

బీరకాయకు పది నిలువు అంచులు ఉంటాయి. అన్నింటినీ లెక్కగా అతికించనక్కరలేదు. కోలగా దొర్లించిన ముద్ద చుట్టూ బ్లేడు వీపుతో సమదూరంలో పది గాడులు నొక్కితే నడుమ అంచులు వాటంతట అవే లేస్తాయి. కాకరకాయ మాత్రం ఓపికను పరీక్షిస్తుంది. ముందు నిలువు గాడులు, తరువాత వాటి నడుమ సూదితో అడ్డదిడ్డంగా పొడుపులు వేయాలి. కాల్చడానికి ముందు పసుపు కలిసిన ఆకుపచ్చ పొడిరంగును కుంచెతో అద్దితే బొడిపెల మీదనే రంగు నిలిచి, గాడులు ముదురుగా మిగులుతాయి. ఈ పొడిరంగు కోసం చిత్రలేఖనానికి వాడే పొడి పేస్టెల్ సుద్దను బ్లేడుతో గీరుకోవాలి. నూనె పేస్టెల్ ఇందుకు పనికిరాదు.

మునగకాడకు ముద్దను పొడవుగా దొర్లించి, మూడు పలకలు వచ్చేలా నొక్కి, గింజలున్న చోట ఉబ్బు కోసం అక్కడక్కడ వేళ్లతో సుతారంగా పట్టాలి. నాలుగు సెంటీమీటర్ల పొడవు, ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం గల ఈ కాడ లోపల సన్నని తీగ ఉంచితే విరగదు. ఉల్లిపాయకు సూదితో కింది నుంచి పైకి గీతలు గీయాలి, అడుగున బ్రష్షుతో గుచ్చి వేళ్ల కుచ్చు తెప్పించాలి. కొత్తిమీర, కరివేపాకు ఇప్పటికీ అనుభవజ్ఞుల చేతిని కూడా తడబెడతాయి. మూడు మిల్లీమీటర్ల ఆకులను జంటగా తీగకు అతికించి ఒక్క కరివేప రెమ్మ చేయడానికి పట్టే సమయంలో గంపెడు టమాటాలు తయారవుతాయి. అయినా కూరగాయల దుకాణంలో కొసరుగా వేసే రెమ్మ లేకపోతే ఆ దుకాణం మనది అనిపించదు.

బెండకాయను పూర్తిగా చేయడం ఒక పద్ధతి అయితే, తరిగిన ముక్కలు చేయడం మరొక విద్య. గాజు పనివారి నుంచి వచ్చిన ఉపాయమిది. అయిదు లేత ఆకుపచ్చ గొట్టాలను, వాటి నడుమ గింజలకు తెల్ల పోచలను పేర్చి, చుట్టూ ముదురు ఆకుపచ్చ పొర చుట్టి బొటనవేలంత లావు కట్టగా చేస్తారు. దానిని అన్ని వైపుల నుంచి సమంగా నొక్కుతూ సాగదీస్తే లోపలి బొమ్మ చెదరకుండా ఒకటిన్నర మిల్లీమీటర్ల సన్నానికి దిగుతుంది. ఫ్రిజ్‌లో కొంతసేపు ఉంచి బ్లేడుతో కోస్తే ప్రతి ముక్కలోనూ అయిదు గదులు, గింజలు కనిపిస్తాయి. ఒకే కట్టతో వందల ముక్కలు వస్తాయి. కత్తిపీట పక్కన పళ్లెంలో వాటిని పోసి పెడితే చూసినవారు తలవంచి మరోసారి చూడక మానరు.

నిప్పు దగ్గరే అసలు పరీక్ష

ఇంత శ్రమా నిలిచేది, కూలేది ఓవెన్‌లోనే. ఫిమో పొట్లాల మీద సాధారణంగా 110 డిగ్రీల సెల్సియస్ వద్ద 30 నిమిషాలు అని ఉంటుంది. స్కల్పీ వారి ప్రీమో రకానికి 130 డిగ్రీల వద్ద ఆరు మిల్లీమీటర్ల మందానికి 30 నిమిషాలు. రకాన్ని బట్టి మారుతుంది కనుక చేతిలోని పొట్లం చెప్పినదే ప్రమాణం. చిక్కంతా మన ఓవెన్లతో వస్తుంది. మీట 110 మీద ఉన్నా లోపల వేడి ఇరవై ముప్పై డిగ్రీలు అటూఇటూ ఉండటం చిన్న ఓవెన్లలో మామూలే. కేకుకు ఆ తేడా పట్టదు, పి.వి.సి.కి పడుతుంది. ఈ పనికి కొనవలసిన ఖరీదైన పనిముట్టు ఏదైనా ఉందంటే అది ఓవెన్ లోపల పెట్టుకునే థర్మామీటరు మాత్రమే. మిగిలినవి లేకున్నా పని సాగుతుంది.

ఓవెన్‌ను పావుగంట ముందే వేడెక్కించి, వేడి నిలకడకు వచ్చాక బొమ్మలు పెట్టాలి. టైలు మీద తెల్లకాగితం పరిచి కాయలను దాని మీద ఉంచితే అడుగున అనవసరపు మెరుపు రాదు. పైన అల్యూమినియం ఫాయిల్‌ను గుడారంలా కప్పితే లేత రంగులు కమలవు. బయటికి తీసిన వెంటనే కాయ కొంత మెత్తగా అనిపించడం సహజం, చల్లారితే బిగుస్తుంది. తొందరపడి మళ్లీ వేడి పెంచరాదు.

తక్కువ కాలిన బొమ్మను పైకి చూసి పోల్చలేము. గట్టిగానే ఉంటుంది, నెలల తరువాత చేయి జారితే ముక్కలవుతుంది. కాయలతోపాటు ఒక పలుచని పట్టీని కాల్చి, చల్లారాక వంచి చూడాలి. వంగితే సరిగా కాలినట్లు, పెటుక్కున విరిగితే వేడి చాలనట్లు. సమయం కొంత ఎక్కువైతే పెద్ద నష్టం లేదు. వేడి ఎక్కువైతే మాత్రం ప్రమాదమే. హద్దు మీరిన వేడిలో పి.వి.సి. విచ్ఛిన్నమై హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వెలువడుతుంది. కళ్లు మండుతాయి, గొంతు పట్టేస్తుంది. పొగ, ఘాటు వాసన వచ్చిన మరుక్షణం ఓవెన్ ఆపి, కిటికీలు తెరిచి, పిల్లలతో సహా గది విడిచి వెళ్లాలి.

మైక్రోవేవ్ తరంగాలతో కాల్చడం, పెనం మీద పెట్టడం, పొయ్యి మంట మీద చూపడం, ఇవేవీ తగవు. ప్రెషర్ కుక్కర్‌లో ఆవిరి పట్టిస్తే సరిపోతుందన్న సలహా కూడా వినిపిస్తూ ఉంటుంది. తడి ఆవిరి బొమ్మను తెల్లబరుస్తుంది, పైగా అన్నం వండే పాత్రలో ఈ పని అసలే కూడదు. ఓవెన్ ఉన్నవారు కూడా వంటకు, బొమ్మలకు ఒకటే వాడక తప్పకపోతే బొమ్మలను మూత ఉన్న రేకు పళ్లెంలో పెట్టి, తరువాత లోపలంతా తుడవాలి. వంట, బొమ్మలు ఒకేసారి పెట్టరాదు.

చివరి మెరుగుకు గోళ్ల రంగు వాడేవారు ఉన్నారు. అందులోని ద్రావకం పాలిమర్ క్లేను మెల్లగా కరిగిస్తుంది. కొన్ని నెలలకు వంకాయ జిగటబారి దుమ్ము పట్టుకుంటుంది. నీటితో కలిసే ఆక్రిలిక్ వార్నీషు వాడాలి. అదీ వంకాయకు, టమాటాకు, కాప్సికమ్‌కు మాత్రమే. నూగు ఉన్న బెండకాయను నిగనిగలాడించడం చూసేవారికి వెగటు.

ఆటబొమ్మా, అలంకరణా?

పదార్థాన్ని మెత్తబరిచే ద్రవాల గురించి కూడా తెలుసుకోవాలి. ఒకప్పుడు ఇందుకు థాలేట్లు అనే రసాయనాలను విరివిగా వాడేవారు. పిల్లల వస్తువులలో వాటిలో కొన్నింటిని యూరోపియన్ యూనియన్ 2005లో చేసిన చట్టం ద్వారా, అమెరికా 2008లో కట్టడి చేశాయి. పేరున్న తయారీదారులు ఆ తరువాత తమ మిశ్రమాలను మార్చుకున్నారు. ఊరూ పేరూ లేని పొట్లాల విషయంలో ఆ భరోసా లేదు. 'విషరహితం' అన్న ముద్ర కూడా చేతితో తాకడం వరకే. నోట పెట్టుకోవచ్చని, తినే పళ్లెం అంచుకు అతికించవచ్చని దాని అర్థం కాదు. పని అయ్యాక సబ్బుతో చేతులు కడగాలి. బ్లేడు, పీట, అప్పడాల కర్ర వంటింటికి తిరిగి వెళ్లరాదు.

అంతకంటే దగ్గరి ప్రమాదం కొలువు దగ్గరే పొంచి ఉంది. అచ్చం మిరపకాయలా, టమాటాలా ఉన్న అర సెంటీమీటరు వస్తువును పాకే పిల్లవాడు నోట్లో వేసుకోకుండా ఉంటాడా? గొంతుకు అడ్డుపడితే ఊపిరి ఆడదు. కొలువు కింది మెట్టు సరిగ్గా వారి చేతికి అందే ఎత్తులోనే ఉంటుంది. పసిపిల్లలున్న ఇంట ఈ గంపలను రెండు మెట్లు పైకి చేర్చడం, కూరలను గంప అడుగుకు జిగురుతో అతికించడం అవసరం.

అమ్మకం తలపెట్టినవారికి ఇది చట్టంతో ముడిపడిన విషయం. కేంద్ర ప్రభుత్వపు ఆటబొమ్మల నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు 2021 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. పద్నాలుగేళ్ల లోపు పిల్లలు ఆడుకోవడానికి ఉద్దేశించిన బొమ్మలకు ఐ.ఎస్.ఐ. ముద్ర తప్పనిసరి అయింది. హస్తకళల అభివృద్ధి కమిషనర్ కార్యాలయంలో నమోదైన చేతిపనివారు తయారుచేసి అమ్మే వస్తువులకు, భౌగోళిక గుర్తింపు పొందిన బొమ్మలకు మినహాయింపు ఇచ్చారు. కొండపల్లి, ఏటికొప్పాక, నిర్మల్ బొమ్మలకు ఆ గుర్తింపు ఉంది. ఇంట్లో చేసిన పాలిమర్ కూరగాయలకు అది వర్తించదు. కనుక వీటిని పిల్లల వంట ఆట సామగ్రిగా చెప్పి అమ్మడం ఇబ్బందులకు తావిస్తుంది. పెద్దల కోసం చేసిన అలంకరణ వస్తువుగానే చూపి, పసిపిల్లలకు అందనివ్వవద్దన్న మాట పెట్టె మీద స్పష్టంగా రాయడం మంచిది. చేతిపనివారిగా నమోదు చేయించుకోదలచినవారు హస్తకళల శాఖ సేవా కేంద్రాలలో విచారించవచ్చు.

కర్రతో పోటీ ఎందుకు?

కొత్తది వచ్చింది కాబట్టి పాతది పోవాలన్న నియమమేమీ లేదు. నిర్మల్ కళాకారులు తేలికపాటి పొనికి కర్రతో వంకాయలు, సీతాఫలాలు, మామిడిపండ్లు నిజమైన వాటి సైజులోనే చేసి రంగులు వేస్తారు. బుట్టలో అమర్చితే అతిథి చేయి చాపవలసిందే. ఆ పని పాలిమర్ క్లేతో చేయబోవడం ఖర్చుకు ఖర్చు, బరువుకు బరువు. అడవిలో పొనికి చెట్టు తగ్గిపోవడం అక్కడి వారి పెద్ద బెంగ. వారి బుట్ట కొంటే ఆ విద్యకు కాస్త ఆసరా. పొనికి కర్ర చెక్కడానికి లొంగని అయిదు మిల్లీమీటర్ల చోట మాత్రమే ఈ కొత్త ముద్దకు పని ఉంది. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణె పట్టి, లక్క పూసి చేసే లక్కపిడతల పక్కన ఈ కూరగాయలు ఎంతో ఇముడుతాయి. పిడతలు అక్కడివి, గంపలోని కూరలు ఇంట చేసినవి అయితే కొలువులో రెంటికీ శోభే. పచ్చి ముద్దను మాత్రం లక్క బొమ్మకు తాకించరాదు, మెరుపు పాడవుతుంది.

మట్టిబొమ్మ విరిగితే మట్టిలో కలుస్తుంది. పాలిమర్ కాయకు ఆ గుణం లేదు. ముఖ్యంగా సంక్రాంతి కొలువు పెట్టేవారు గుర్తుంచుకోవలసిన విషయం ఒకటుంది. భోగి తెల్లవారుజామున పాత సామాను మంటలో వేసే అలవాటులో విరిగిన పాలిమర్ బొమ్మలను కూడా వేయరాదు. పి.వి.సి. కాలితే వచ్చే పొగలో హైడ్రోజన్ క్లోరైడ్‌తోపాటు డయాక్సిన్లు అనే విషపదార్థాలు ఉంటాయి. చుట్టూ చలి కాచుకునేది మన పిల్లలు, వృద్ధులే. విరిగిన కాయలను పారవేయనక్కరలేదు కూడా. సన్నగా తురిమి పచ్చి ముద్దలో కలిపితే కందగడ్డ, చేమదుంపల గరుకు తొక్కకు అంతకంటే తగిన సరుకు దొరకదు. మిగిలిన రంగులన్నీ కలిసి మట్టిరంగుగా మారిన ముద్ద కూడా ఆ దుంపలకే పనికివస్తుంది.